బారెన్ దీవి అగ్నిపర్వతం: శిలాసాక్ష్యం, లిఖితసాక్ష్యం, నామసాక్ష్యం

వ్యాససంగ్రహం

అండమాన్ సముద్రంలోని బారెన్ దీవి భారతదేశంలో ప్రస్తుతం క్రియాశీలంగా ఉన్న ఏకైక అగ్నిపర్వతం. దీని విస్ఫోటాలకు 1787 నుంచి లిఖితాధారాలున్నాయి. 1832 తర్వాత ఒకటిన్నర శతాబ్దానికి పైగా మౌనంగా ఉండి, 1991లో ఇది మళ్ళీ మేల్కొన్నది. దీవి భూవిజ్ఞాననిర్మాణాన్ని, విస్ఫోటచరిత్రను ఈ వ్యాసం శిలలు, నావికుల రాతలు, స్థలనామం అనే మూడు రకాల సాక్ష్యాల ఆధారంగా పరిశీలిస్తుంది. ఒక అగ్నిపర్వతం గురించి మనకు లభించే చరిత్ర దాన్ని చూసినవారి రాకపోకల చరిత్ర కూడా అని, తెలుగు పాఠ్యగ్రంథాల్లో వాడుకలో ఉన్న ‘క్రియాశీల, నిద్రాణ, విలుప్త’ అనే వర్గీకరణను ఈ ఎరుకతోనే బోధించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: బారెన్ దీవి, నార్కొండం, అండమాన్, దక్కన్ ట్రాప్, రేగడి, కాల్డెరా, స్థలనామం, శాస్త్రపరిభాష, జ్వాలాపురం.

1. ప్రవేశిక

“మన దేశంలో ఉన్న అగ్నిపర్వతం మండుతున్నదా సార్, ఆరిపోయిందా?” నిజామాబాద్‌లో డిగ్రీ తరగతికి శాస్త్రపరిభాష గురించి పాఠం చెబుతున్నప్పుడు బోధన్ వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి వేసిన ప్రశ్న ఇది. అతని దగ్గర పోటీపరీక్షల పుస్తకాలు రెండున్నాయి. వాటిలో ఒకటి బారెన్ దీవిని నిద్రాణ అగ్నిపర్వతమని చెప్పగా, రెండవది క్రియాశీల అగ్నిపర్వతమని చెప్పింది. రెండింటిలో ఏది తప్పో చెప్పడం సులువే. ఆ తప్పు ఎలా పుట్టిందో చెప్పడానికి మాత్రం రెండు శతాబ్దాలు వెనక్కి వెళ్ళవలసి వచ్చింది.

ఈ వ్యాసకర్త భూవిజ్ఞానశాస్త్రవేత్త కాదు. శిలల వయస్సు, రసాయనస్వభావం వంటి విషయాల్లో ఆ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఫలితాలనే ఈ వ్యాసం స్వీకరిస్తుంది. అయితే ఒక సాక్ష్యాన్ని ఎవరు, ఎప్పుడు, ఎక్కడ నిలబడి చెప్పారో విచారించడం, ఒక పదం ఏ అర్థాన్ని మోసుకొస్తున్నదో పరిశీలించడం సాహిత్యవిద్యార్థి చేయగల పనులు. బారెన్ దీవి చరిత్రలో ఈ రెండు పనులకూ తగినంత అవకాశముంది. తెలుగువారికి ఆ దీవి పరాయిది కూడా కాదు. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభాలో పదిమందిలో ఒకరికి పైగా తెలుగు మాతృభాష. ఉత్తరాంధ్ర తీరం నుంచి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్ పరిసరాల్లో స్థిరపడిన మత్స్యకార కుటుంబాలకు ఆ సముద్రం బతుకుతెరువు.

2. పరిభాష: నాలుగు మాటలు

ముందుగా ఈ వ్యాసంలో తరచుగా వచ్చే మాటలను స్పష్టం చేసుకోవాలి. భూగర్భంలో కరిగి ఉన్న శిలాద్రవాన్ని ‘మాగ్మా’ అని, అదే పైకి వచ్చి ప్రవహిస్తే ‘లావా’ అని అంటారు. లావా పొరలు, బూడిద పొరలు, రాళ్ళ పొరలు ఒకదానిపై ఒకటి పేరుకొని శంకువు ఆకారంలో పెరిగిన పర్వతం ‘స్ట్రాటోవాల్కనో’. దీనికి పాఠ్యగ్రంథాల్లో ‘సంయుక్త శంకువు’ వంటి పేర్లు కనిపిస్తాయి. పొరలే దీని ప్రధానలక్షణం కనుక ‘పొరల అగ్నిపర్వతం’ అన్న మాట విద్యార్థికి వెంటనే బోధపడుతుంది. ఈ వ్యాసం ఆ మాటనే వాడుతుంది.

మూడవ మాట ‘కాల్డెరా’. అగ్నిపర్వతం భారీగా పేలినప్పుడు, లేదా లోపలి మాగ్మా ఖాళీ అయి పైభాగం కూలినప్పుడు ఏర్పడే విశాలమైన పల్లం ఇది. ఈ స్పానిష్ పదానికి మూలార్థం మరిగించే పెద్ద పాత్ర. చెరకు గానుగల పక్కన బెల్లం వండే పెనాన్ని చూసినవారికి ఈ పోలిక కొత్తగా తోచదు. చుట్టూ ఎత్తైన అంచు, నడుమ పల్లం, ఆ పల్లంలో ఉడికే ద్రవం అందులోనూ ఉన్నాయి.

నాలుగవది ‘క్రియాశీల, నిద్రాణ, విలుప్త’ అనే వర్గీకరణ. పర్వతం స్వభావాన్ని మనిషి ప్రాణస్థితులతో పోల్చి చెప్పే మాటలివి. నిద్రకూ మరణానికీ మధ్య తేడాను వైద్యుడు నాడి చూసి చెబుతాడు. పర్వతం విషయంలో ఆ నాడిని ఎవరు చూశారు, ఎంతకాలం చూశారు అన్న ప్రశ్నకు ఈ మాటల్లో చోటు లేదు. వ్యాసంలోని మూలసమస్య ఇదే.

3. రేగడినేల, అగ్నిదీవి: రెండు విధాల అగ్నిచర్య

బోధన్ విద్యార్థికి అగ్నిపర్వతం ఎక్కడో దూరాన ఉండే వింత అనిపించవచ్చు. నిజానికి అతను రోజూ తొక్కే నేలకు అగ్నిచర్యతో సంబంధం ఉంది. ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో ఎక్కువభాగం గ్రానైటు, నీసు శిలల నేల. నిజామాబాద్ పట్టణంలోని ఖిల్లా గుట్ట ఆ ప్రాచీనశిలకు ఉదాహరణ. పడమటి, నైరుతి అంచులకు పోయేకొద్దీ, జుక్కల్, మద్నూర్ వైపు, గ్రానైటు మీద నల్లని బసాల్టు పొరలు కనిపిస్తాయి. ఇవి దక్కన్ ట్రాప్‌కు చెందినవి. మెట్లు అనే అర్థమున్న స్వీడిష్ పదం నుంచి ‘ట్రాప్’ అన్న పేరు వచ్చింది. పొరలు పొరలుగా పరచుకున్న లావా కొండలు దూరానికి మెట్లవరుసల్లా కనిపించడమే ఇందుకు కారణం.

సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరాల క్రితం ఈ లావా వెలువడింది. నేటికి మిగిలిన భాగమే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నది. ఆ బసాల్టు శిథిలమై రేగడిమట్టిగా మారింది. మహారాష్ట్రలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర ఆ ట్రాప్ నేలల మీదుగా ప్రవహించి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ నదిపై 1923-31 మధ్య నిర్మించిన నిజాంసాగర్ కాలువల నీటితో బోధన్ ప్రాంతం చెరకునేల అయింది. 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీకి ఆ చెరకే ఆధారంగా ఉండేది. ఈ ప్రాంతపు ఆధునిక ఆర్థికచరిత్ర వెనుక అతిప్రాచీనమైన ఒక లావాచరిత్ర కూడా ఉన్నదన్నమాట.

అయితే దక్కన్ లావాకూ బారెన్ దీవి లావాకూ పుట్టుకలో తేడా ఉంది. దక్కన్‌లో శిలాద్రవం ప్రధానంగా పొడవైన పగుళ్ళ గుండా వచ్చి వరదలా పరచుకుంది. అది ఎత్తైన శంకువులను కట్టలేదు. ఆనాడు భారతఫలకం కింద ఉన్న ఉష్ణస్థానం ఈనాడు హిందూమహాసముద్రంలోని రీయూనియన్ దీవి కింద ఉందని శాస్త్రజ్ఞులు ఎక్కువమంది భావిస్తున్నారు. బారెన్ దీవి కథ వేరు. అక్కడ భారతఫలకం బర్మా ఫలకం అనే చిన్న ఫలకం కిందికి దిగుతున్నది. కిందికి దిగే పలక తనతో తీసుకుపోయిన నీరు పైనున్న వేడిశిలల్లోకి చేరి, వాటి ద్రవీభవన ఉష్ణోగ్రతను తగ్గిస్తుంది. అందువల్ల శిల కరిగి మాగ్మా పుడుతుంది. మయన్మార్‌లోని పోపా కొండ, అండమాన్ సముద్రంలోని నార్కొండం, బారెన్ దీవులు, దక్షిణాన సుమత్రా, జావా అగ్నిపర్వతాలు ఈ ఫలకసంఘర్షణ వెంబడి ఏర్పడిన పొడవైన వరుసలోనివి. దక్కన్ అగ్నిచర్య ఏనాడో ముగిసిన కథ. బారెన్ దీవిది ఇంకా నడుస్తున్న కథ.

4. దీవి నిర్మాణం

పోర్ట్ బ్లెయిర్‌కు ఈశాన్యంగా సుమారు 138 కిలోమీటర్ల దూరంలో బారెన్ దీవి ఉంది (ఆ నగరానికి 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు). దీవి వెడల్పు సుమారు 3 కిలోమీటర్లు. అత్యున్నతస్థానం సముద్రమట్టానికి 354 మీటర్లు. ఈ కొలత చూసి దీన్ని చిన్నకొండ అనుకోవడం పొరపాటు. పర్వతపాదం సముద్రమట్టానికి రెండు వేల మీటర్లకు పైగా లోతున ఉంది. కంటికి కనిపించేది మొత్తం ఎత్తులో సుమారు ఏడో వంతు మాత్రమే.

దీవి బయటి భాగం పాత పర్వతం మిగిల్చిన వలయం. ఆ వలయం లోపల సుమారు 2 కిలోమీటర్ల వ్యాసమున్న కాల్డెరా ఉంది. పడమటి దిక్కున వలయం తెగి సముద్రానికి దారి ఏర్పడింది. నావికులు దిగడానికీ, లావా సముద్రంలో కలవడానికీ ఉన్న ప్రధానద్వారం అదే. కాల్డెరా నడుమ బూడిద, రాళ్ళ ముక్కలతో పేరుకున్న కొత్త శంకువు నిలిచి ఉంది. చారిత్రకకాలపు విస్ఫోటాలన్నీ ఈ నడిమి శంకువుకు, దాని పరిసరాలకు సంబంధించినవే. శిలలు ప్రధానంగా బసాల్టు, బసాల్టిక్ ఆండిసైటు.

‘బారెన్’ అంటే గొడ్డునేల అని అర్థం. పేరు పూర్తిగా సార్థకం కాదు. లోపలిభాగం నల్లని లావాతో, బూడిదతో నిండి ఉన్నా, వలయం బయటి వాలులపై చెట్లున్నాయి, పక్షులున్నాయి, గబ్బిలాలున్నాయి. ఒకప్పుడు ఓడలవాళ్ళు విడిచిన మేకల సంతతి మంచినీరు కరువైన ఆ నేలమీద విస్ఫోటాలను కూడా తట్టుకొని బతికింది. పడమటి ద్వారం ముందు ఓడ ఆపిన నావికుడికి కనిపించిన దృశ్యాన్ని బట్టి ఈ పేరు వచ్చిందనుకోవచ్చు. చూసిన వైపే మొత్తం దీవి అయింది. విస్ఫోటచరిత్ర విషయంలోనూ ఇదే జరిగిందని తర్వాతి భాగాల్లో గమనించవచ్చు.

5. లిఖితచరిత్ర తొలిదశ: 1787-1832

బారెన్ దీవి గురించి లభిస్తున్న తొలి విస్ఫోటప్రస్తావన 1787 నాటిది. ఈస్టిండియా కంపెనీ ఓడలో పోతున్నవారు దీవి నుంచి పొగ లేవడం చూశారు. 1789లో ఆర్కిబాల్డ్ బ్లెయిర్ దీవిని దగ్గరగా పరిశీలించాడు. అతడు ఇచ్చిన వివరణను కోల్‌బ్రుక్ తన వ్యాసంలో చేర్చి ‘ఏషియాటిక్ రీసెర్చెస్’ నాలుగవ సంపుటంలో ప్రకటించాడు. నడిమి శంకువు వాలు సుమారు 32 డిగ్రీలని, ఎత్తు దాదాపు 1,800 అడుగులని, ఎర్రగా కాలిన రాళ్ళు ఎగిరిపడుతున్నాయని, వాటిలో కొన్ని మూడు నాలుగు టన్నుల బరువుంటాయని బ్లెయిర్ రాశాడు. 1803 నవంబరులో హార్స్‌బర్గ్ అనే నావికుడు దీవి పక్కగా పోతూ, పది నిమిషాలకొకసారి క్రమం తప్పకుండా పేలుడు జరుగుతున్నదని, ప్రతిసారీ నల్లని పొగస్తంభం నిట్టనిలువుగా లేస్తున్నదని నమోదు చేశాడు. 1832 నాటి సందర్శనతో ఈ తొలిదశ ముగుస్తుంది.

ఈ సాక్ష్యాలను చదివేటప్పుడు రెండు విషయాలను గమనించాలి. మొదటిది, ఇవి కంటితో వేసిన అంచనాలు. బ్లెయిర్ 1,800 అడుగులన్న శంకువు 1884 సర్వేలో సుమారు 1,000 అడుగులుగా తేలింది. ఈ మధ్యకాలంలో పర్వతం కుంగిందా అన్న చర్చ కూడా సాగింది. పర్వతం కుంగిందని నమ్మడం కన్నా తొలి అంచనా ఎక్కువైందని భావించడం సమంజసం. అయినా బ్లెయిర్ చెప్పిన వాలు, రాళ్ళ వర్ణన, నడుమ శంకువు, చుట్టూ వలయం అన్న రూపవివరణ విశ్వసనీయంగానే ఉన్నాయి. ఒక సాక్షి ఒక విషయంలో పొరబడితే అతని మాటంతా తోసిపుచ్చనక్కర లేదు.

రెండవది ఇంతకన్నా ముఖ్యమైనది. 1789లో బ్లెయిర్ నాయకత్వంలోనే అండమాన్‌లో కంపెనీ తొలి స్థావరం ఏర్పడింది. రోగాల వల్ల 1796లో దాన్ని ఎత్తివేశారు. బారెన్ దీవి విస్ఫోటాల గురించి 18వ శతాబ్దిలో లభిస్తున్న రాతలు 1787-1795 మధ్య కుప్పగా ఉండడానికి కారణం ఆ సంవత్సరాల్లోనే పర్వతం ఎక్కువగా మండడం కావచ్చు. ఆ సంవత్సరాల్లోనే చూసేవారు, రాసేవారు ఆ సముద్రంలో ఎక్కువగా తిరగడం కూడా కావచ్చు. 1787కు ముందు లిఖితాధారం లేదు. అంతమాత్రాన ఆనాటి వరకు పర్వతం నిద్రించిందని చెప్పలేము. శాసనం దొరకనంత మాత్రాన ఊరు లేదని తెలుగు చరిత్రకారులెవరూ అనరు. పర్వతానికీ ఆ న్యాయమే వర్తిస్తుంది.

6. మౌనకాలం: 1832-1991

1832 తర్వాత 1991 వరకు స్పష్టమైన విస్ఫోటం నమోదు కాలేదు. ఈ మౌనమంతా ఒకే తరహాది కాదు. దీన్ని రెండు భాగాలుగా విడదీసి చూడాలి.

1832 నుంచి 1857 వరకు అండమాన్‌లో స్థావరం లేదు. అటుగా పోయే ఓడలవాళ్ళు చూసిందే సాక్ష్యం. వారికి కనిపించని చిన్న విస్ఫోటాలు జరిగి ఉండవచ్చు. కాబట్టి ఈ పాతికేళ్ళ మౌనం బలహీనమైన సాక్ష్యం. 1857 చివర మౌయట్ అధ్యక్షతన వచ్చిన అండమాన్ సంఘం బారెన్ దీవిని కూడా చూసింది. 1858లో పోర్ట్ బ్లెయిర్‌లో ద్వీపాంతరశిక్షా స్థావరం మొదలైంది. 1857 జూలైలో హైదరాబాద్ రెసిడెన్సీపై జరిగిన దాడికి నాయకత్వం వహించిన మౌల్వీ అల్లాఉద్దీన్ వంటి నిజాం రాజ్యపు తిరుగుబాటుదారులు కూడా ఆ దీవులకే తరలింపబడ్డారు. అప్పటినుంచి ఆ సముద్రంలో ఓడల రాకపోకలు నిరంతరమయ్యాయి. అందువల్ల 1858 తర్వాతి మౌనం బలమైన సాక్ష్యం. పెద్ద విస్ఫోటం జరిగి ఉంటే నమోదు కాకుండా ఉండే అవకాశం తక్కువ.

ఈ కాలంలోనే శాస్త్రీయపరిశీలన ఆరంభమైంది. 1858లో ఫాన్ లీబిగ్, 1873లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన వాలెంటైన్ బాల్ దీవిని చూసి వివరాలు ప్రకటించారు. 1883 ఆగస్టు 27న జావా, సుమత్రాల నడుమనున్న క్రకటోవా దీవి పేలింది. ఆ సముద్రతరంగాల జాడ పోర్ట్ బ్లెయిర్, మద్రాసు, విశాఖపట్నం రేవుల్లోని అలలమాపకాల్లో కూడా నమోదైంది. ఉష్ణమండలపు ఒక చిన్న దీవి పేలితే తెలుగుతీరం వరకు కబురు వస్తుందనడానికి అది తొలి యంత్రసాక్ష్యాల్లో ఒకటి. మరుసటి ఏడు, 1884లో, హాబ్‌డే బారెన్, నార్కొండం దీవుల స్థలాకృతిని సర్వే చేయగా, ఎఫ్.ఆర్. మాలెట్ వాటి భూవిజ్ఞానాన్ని అధ్యయనం చేశాడు. 1885లో వెలువడిన వారి గ్రంథం ఈ దీవులపై తొలి సమగ్రరచన.

ఈ సందర్శకులందరికీ చేతికందిన ఒక కొలమానం ఉంది. దిగే చోట సముద్రపుటొడ్డున ఉబికే వేడినీటి ఊట అది. తొలి సందర్శకులకు చేయి పెట్టలేనంత వేడిగా ఉన్న ఆ ఊట దశాబ్దాలు గడిచేకొద్దీ చల్లబడుతూ వచ్చింది. శంకువు కొనలో గంధకం పేరుకొని, ఆవిరి సన్నగా లేవడం తప్ప వేరే చలనం లేదు. ఈ కొలతలు తప్పు కావు. వాటి నుంచి ‘పర్వతం క్రమంగా ఆరిపోతున్నది’ అన్న అభిప్రాయానికి రావడం కూడా ఆనాటికి అసహజం కాదు. కాని ఊట వేడి పైపొరల్లోని లావా ఎంత చల్లారిందో చెబుతుంది. కింద అనేక కిలోమీటర్ల లోతున మాగ్మా మళ్ళీ చేరుతున్నదో లేదో చెప్పదు. పొయ్యి మీది బూడిద చల్లబడిందని నిప్పు లేదనుకోవడం లాంటిదే ఇది. 20వ శతాబ్దిలో ‘నిద్రాణం’ అన్న మాట పాఠ్యగ్రంథాల్లో స్థిరపడడానికి ఈ నేపథ్యమే కారణమని భావించవచ్చు.

7. ‘నరకకుండం’: నామవిచారం

బారెన్ దీవికి ఈశాన్యంగా సుమారు 135 కిలోమీటర్ల దూరంలో నార్కొండం అనే మరో అగ్నిదీవి ఉంది. దట్టమైన అడవితో, 700 మీటర్లకు పైగా ఎత్తుతో నిలిచిన ఈ దీవిలో చారిత్రకకాలంలో విస్ఫోటం జరిగినట్లు ఆధారం లేదు. ప్రపంచంలో మరెక్కడా లేని నార్కొండం హార్న్‌బిల్ పక్షికి ఇది నెలవు. ఈ దీవి పేరు చుట్టూ ఆసక్తికరమైన చర్చ జరిగింది.

మార్కోపోలో యాత్రాగ్రంథానికి వ్యాఖ్య రాసిన హెన్రీ యూల్, ‘నార్కొండం’లో ‘నరక’ శబ్దం ఉన్నదని, ‘నరకకుండం’ దీనికి మూలం కావచ్చని ఊహించాడు. ప్రాచీన భారతీయ నావికుల కాలంలో ఈ పర్వతం మండుతూ ఉండేదేమోనని కూడా అన్నాడు. దీవులను స్వయంగా చూసిన మాలెట్ ఇందులో ఒక చిక్కును ఎత్తిచూపాడు. నార్కొండంలో బిలమే లేదు. అది ఎన్నో వేల ఏళ్ళుగా చల్లారి ఉన్నది. చుట్టూ నిట్రమైన గోడలు, నడుమ మండే శంకువు ఉన్నది బారెన్ దీవిలో. ‘నరకకుండం’ అన్న పేరు దానికే సరిపోతుంది. కాబట్టి రెండు దీవుల పేర్లు ఎప్పుడో తారుమారై ఉంటాయని మాలెట్ సూచించాడు. 1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఈ రెండు అభిప్రాయాలనూ నమోదు చేసింది.

ఈ ఊహ ఆకర్షణీయమైనది. సంస్కృత ‘కుండం’ తెలుగులో ‘గుండం’ అయింది. రామగుండం, అగ్నిగుండం వంటి మాటలు మనకు నిత్యపరిచితాలు. పేర్లు తారుమారయ్యాయన్నది నిజమైతే, 1787కు ఎంతో ముందే భారతీయ నావికులు బారెన్ దీవి మండడం చూశారనడానికి ఆ పేరే సాక్ష్యమవుతుంది. లిఖితచరిత్ర ఆరంభాన్ని శతాబ్దాల వెనక్కి జరపగల సాక్ష్యం అది.

అందుకే ఇక్కడ జాగ్రత్త అవసరం. తెలుగువారి చెవికి ‘నార్కొండం’లో ‘కొండ’ కూడా వినిపిస్తుంది. సముద్రం మధ్యన నిటారుగా లేచిన దీవికి కొండ అన్న పేరు నరకం కన్నా సహజంగా తోచవచ్చు. అయితే పూర్వభాగమైన ‘నార్’ ఏమిటి, ఏ నావికులు, ఏ కాలంలో ఆ పేరు పెట్టారు అన్నవాటికి ఆధారం చూపనంతవరకు ఇది కేవలం ధ్వనిసామ్యం. ధ్వనిసామ్యం వ్యుత్పత్తి కాదు. మన భాషకు అనుకూలమైన ఊహను ఏ కారణంతో పక్కన పెడుతున్నామో, యూల్ ఊహను కూడా అదే కారణంతో అనుమానంతో చూడాలి. అదీ శబ్దసామ్యంపైనే నిలిచింది. మాలెట్ సవరణ దానికి భూవిజ్ఞానబలం ఇచ్చినా, పేర్లు మారాయనడానికి పత్రాధారం ఇవ్వలేదు. కనుక ‘నరకకుండం’ అన్నది సంభావ్యసాక్ష్యమే తప్ప నిర్ధారితసాక్ష్యం కాదు. విస్ఫోటాల పట్టికలో దానికి స్థానం ఇవ్వకూడదు. స్థలనామచర్చలో ఇవ్వాలి.

8. పునర్జాగరణ: 1991 నుంచి

1991 వసంతంలో బారెన్ దీవి మళ్ళీ పేలింది. విస్ఫోటం నెలల తరబడి సాగింది. లావా పడమటి ద్వారం గుండా ప్రవహించి సముద్రాన్ని చేరింది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణకు చెందిన డి. హల్దార్, ఆయన సహచరులు దీన్ని పరిశీలించి నివేదికలు ప్రకటించారు. 1994 డిసెంబరు నుంచి 1995 మధ్యభాగం వరకు మరో విస్ఫోటం జరిగింది. ఒక శతాబ్దిన్నర చల్లదనం ఆధారంగా కట్టుకున్న అభిప్రాయం నాలుగేళ్ళలో రెండుసార్లు కూలిపోయింది.

2004 డిసెంబరు 26న సుమత్రా తీరంలో 9.1 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాని సునామీ అండమాన్ నికోబార్ దీవులను, ఆంధ్ర, తమిళ తీరాలను ముంచెత్తింది. ఐదు నెలల తర్వాత, 2005 మే చివర, బారెన్ దీవి మళ్ళీ క్రియాశీలమైంది. ఒకే ఫలకసరిహద్దుకు చెందిన ఈ రెండు ఘటనలకు కార్యకారణసంబంధం ఉందా అన్నది చర్చనీయాంశం. 1991, 1994 విస్ఫోటాలకు అంతటి భూకంపం అవసరం కాలేదన్న విషయాన్ని ఈ చర్చలో మరవకూడదు. ఆ తర్వాత విరామాలతో విస్ఫోటాలు కొనసాగాయి. 2017 జనవరిలో జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థకు చెందిన శాస్త్రజ్ఞులు పరిశోధననౌక నుంచి విస్ఫోటాన్ని ప్రత్యక్షంగా చూశారు. పగలు బూడిదమేఘాలుగా కనిపించినది, చీకటి పడ్డాక ఎర్రని లావా ఫౌంటెన్‌గా, వాలు వెంట జారే ప్రవాహంగా కనిపించింది.

సాక్షుల స్వభావం ఈ దశలో పూర్తిగా మారింది. 1803లో ఒక నావికుడు గడియారం చూసి పేలుళ్ళను లెక్కించాడు. ఇప్పుడు ఉపగ్రహాలు దీవి వేడిని, బూడిదను నిరంతరం గమనిస్తున్నాయి. ఒకనాడు ఓడ రాకపోతే తెలియకుండా పోయే చిన్న విస్ఫోటాలు నేడు నమోదవుతున్నాయి. కాబట్టి 1991 తర్వాత నమోదైన విస్ఫోటాల సంఖ్యను 1787-1832 నాటి సంఖ్యతో నేరుగా పోల్చి పర్వతం ఉద్ధృతమైందని చెప్పడం కూడా పొరపాటే అవుతుంది. పెరిగింది పర్వతం కోపమా, మన చూపా అన్నది ముందు తేల్చుకోవాలి.

9. లిఖితం కాని చరిత్ర: శిల, బూడిద

మనుషులు చూడని కాలానికి శిలలే సాక్షులు. దీవిపై నీటిమట్టానికి ఎగువనున్న లావాల్లో అతిపురాతనమైనవి సుమారు 16 లక్షల సంవత్సరాల నాటివని ఆర్గాన్ ఐసోటోపుల పద్ధతిలో జరిపిన కాలనిర్ణయం తేల్చింది. జ్యోతిరంజన్ రే, ఆయన సహచరులు 2015లో ఈ ఫలితాలను ప్రకటించారు. దీవికి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో సముద్రగర్భం నుంచి తీసిన మట్టిస్తంభంలో బారెన్ దీవి బూడిదపొరలు అనేకం లభించాయి. వాటి ద్వారా గత 70 వేల ఏళ్ళ విస్ఫోటచరిత్రలోని పెద్ద ఘట్టాలు తెలియవచ్చాయి. 16 లక్షల ఏళ్ళ పక్కన పెట్టి చూస్తే 1832-1991 నాటి 159 ఏళ్ళు పదివేలలో ఒక వంతు. పర్వతానికి అది నిద్ర కూడా కాదు, రెండు శ్వాసల మధ్య విరామం.

బూడిదసాక్ష్యం తెలుగునేలపైనా ఉంది. బారెన్ దీవి ఉన్న వరుసలోనే దక్షిణాన సుమత్రాలో టోబా కాల్డెరా ఉంది. సుమారు 74 వేల ఏళ్ళ క్రితం అది పేలినప్పుడు వెలువడిన బూడిద భారత ఉపఖండమంతటా రాలింది. ఉమ్మడి కర్నూలు జిల్లాలో, నేటి నంద్యాల జిల్లాలో, జుర్రేరు లోయలోని జ్వాలాపురం దగ్గర ఆ బూడిద మందమైన పొరగా నిలిచి ఉంది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిశెట్టర్ బృందం ఆ పొరకు కిందా పైనా కూడా శిలాయుగపు రాతిపనిముట్లను గుర్తించి, 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. అంతటి ఉత్పాతం తర్వాత కూడా ఆ లోయలో మనుషులు కొనసాగారని వారి వాదన. ఊరిపేరులో ‘జ్వాల’ ఉండడం కాకతాళీయమే. 74 వేల ఏళ్ళ నాటి జ్ఞాపకాన్ని ఏ స్థలనామమూ మోయదు. నార్కొండం విషయంలో పాటించిన నియమాన్నే ఇక్కడా పాటించాలి.

10. ముగింపు

బారెన్ దీవి నిర్జనం. దాని లావా వల్ల నేరుగా నష్టపోయే ఊరు లేదు. అయినా ఈ చర్చ కేవలం పదాలకు సంబంధించినది కాదు. 2018 డిసెంబరు 22న ఇండోనేషియాలో అనాక్ క్రకటోవా అనే చిన్న దీవి పర్వతం పార్శ్వం సముద్రంలోకి కూలి, ఆ సునామీలో 400 మందికి పైగా మరణించారు. అది కూడా బారెన్ వంటి ఉష్ణమండల దీవి అగ్నిపర్వతమే. అండమాన్ సముద్రంలో వలవేసే తెలుగు మత్స్యకారుని బిడ్డకు, బోధన్‌లో రేగడినేల దున్నే రైతు బిడ్డకు పాఠ్యపుస్తకం ఒకే మాట చెప్పాలి, సరైన మాట చెప్పాలి. ఈ పరిశీలనలో తేలిన అంశాలివి:

1. బారెన్ దీవి నిస్సందేహంగా క్రియాశీల అగ్నిపర్వతం. దాన్ని నిద్రాణమని చెప్పే పాఠాలు 1991కి ముందటి అవగాహనను యథాతథంగా కొనసాగిస్తున్నాయి.

2. 1787-1803 మధ్య సాక్ష్యాలు దట్టంగా ఉండడంలో కంపెనీ ఓడల రాకపోకల పాత్ర ఉంది. 1832-1857 నాటి మౌనం బలహీనసాక్ష్యం. 1858-1991 నాటి మౌనం బలమైన సాక్ష్యం. ఈ రెండింటినీ ఒకే వాక్యంలో కలపడం సరికాదు.

3. ‘నరకకుండం’ వ్యుత్పత్తి ఆసక్తికరమైన ఊహ మాత్రమే. దాని ఆధారంగా 1787కు పూర్వపు విస్ఫోటాన్ని నిర్ధారించరాదు.

4. నేడు శాస్త్రజ్ఞులు ఒక పర్వతాన్ని క్రియాశీలమని చెప్పడానికి గత పది, పన్నెండు వేల ఏళ్ళ చరిత్రను పరిగణిస్తారు. తెలుగు పాఠ్యగ్రంథాలు ‘నిద్రాణ’, ‘విలుప్త’ అన్న మాటలు వాడేటప్పుడు ఎన్నేళ్ళ పరిశీలన ఆధారంగా ఆ మాట అంటున్నాయో పక్కనే పేర్కొనడం అవసరం.

ఆ విద్యార్థికి ఇచ్చిన సమాధానంతో వ్యాసాన్ని ముగించడం ఉచితం. “మండుతున్నది. కొంతకాలం మనం చూస్తుండగా మండలేదు. ఆ కాలంలో రాసిన మాట నీ పుస్తకంలో మిగిలిపోయింది.”